ఉచ్చీరత్త చూసిన మూకీ సినిమా

మా ఇంట్లో ఒక్కొక్కరికి రెండు పేర్లుండేవి. ఒకటి అందరూ నోటితో పిలిచేది, ఇంకొకటి ఉచ్చీరత్త చేత్తో పిలిచేది. నాన్న పేరు చెప్పాలంటే మీసం మెలితిప్పేది. పెదనాన్న గిడ్డయ్య పేరుకు నుదుటి మీద వేలితో అడ్డంగా గీసేది. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలి ఆయనకు అక్కడ మచ్చ పడింది. నా పేరుకు అరచేయి ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఇంటికి ఎవరొచ్చినా నేను తలుపు వెనక్కి పోతానని ఆ పేరు.

అత్త నాన్నకు అక్క, పెదనాన్నకు చెల్లెలు. నాలుగేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి చెవులు పోయాయట. అప్పటికి వచ్చిన మాటలు కూడా దాంతోటే పోయాయి. పెళ్ళి కాలేదు. మా తాత పోయే ముందు రోడ్డు పక్కనున్న బావిచేను, రెండున్నర ఎకరాలు, ఆమె పేరున రాయించాడు. మిగతా భూమంతా కొడుకులిద్దరికీ పంచాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే పేరుకే అది బావిచేను, బావిలో నీళ్ళు లేవు. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు అత్త తానే బావిలోకి దిగి, కూలివాళ్ళతో కలిసి పూడిక తీసింది. మూడో ఏడు నీళ్ళు పడ్డాయి. నన్ను చంకనేసుకుని బావిగట్టున తిరిగింది కూడా అత్తే. నాకు నోటి మాటకంటే ముందు చేతి మాట వచ్చిందని అమ్మ చెప్తుంది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఎనభై మూడులో, ఆ చేను మీద అందరికీ కన్ను పడింది. ఆదోనిలో పత్తి మిల్లు నడిపే సేటు ఒకాయన రోడ్డు పక్కన, నీళ్ళున్న చోటు కోసం చూస్తున్నాడు. బావిచేను ఇస్తే దానికి బదులు ఆదోనిలో రెండు మిద్దెలు రాసిస్తానన్నాడు. ఒకటి పెదనాన్నకు, ఒకటి మాకు. అత్తకు ఏమిటి అని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం పెదనాన్న మా ఇంటికి వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. తలుపు వెనక నుంచి నేనంతా విన్నాను.

"దానికి భూమెందుకురా లక్ష్మప్పా? తినేది రెండు ముద్దలు. ఆ ముద్దలు మీ మిద్దెలో తింటే అరగవా?" అన్నాడు.

 అన్న మాటకు ఎదురు చెప్పడం నాన్నకు చేతకాదు. అక్క ముద్ర వెయ్యకపోతే ఎట్లా అని మాత్రం అడిగాడు. పించను కాగితమని చెప్తే వేస్తుందన్నాడు పెదనాన్న. అయితే ఒక చిక్కుందట. మాట రానివాళ్ళు వేలిముద్ర వేస్తే, వాళ్ళ సైగలు తెలిసినవాళ్ళ చేత అడిగించి గానీ రిజిస్ట్రారు ఒప్పుకోడట.

"మీ ఉసేనమ్మ ఉండాది గదా," అన్నాడు పెదనాన్న తలుపు వైపు చూస్తూ. "మీ అక్క సైగలన్నీ దానికే తెల్సు. అదైతే నోరు తెరవదు. మనకు అట్లాందే గావాల."

నాన్న నన్ను పిలిచి, అది పించను కాగితమని అత్తకు చెప్పమన్నాడు. నేను చెప్పాను. దాచకుండా రాస్తున్నాను, నాన్నంటే భయం ఒక్కటే కారణం కాదు. మా ఊరి నుంచి పెద్దకడుబూరుకు నడిచి పోయి చదువుకుంటున్నాను. పదితో నా చదువు అయిపోతుంది. ఆదోనిలో మిద్దె ఉంటే కాలేజీకి పోవచ్చు. ఆ ఆశ నాకూ ఉండింది.

అత్త చేనులో గట్టు మీద కూర్చుని కొడవలి నూరుకుంటోంది. ఎదురుగా కూర్చుని, తలమీద టోపీ పెట్టుకున్నట్టు చూపించాను. టోపీ అంటే సర్కారు. సర్కారు నీకు నెలనెలా ఇస్తుంది, వేలు వెయ్యాలి, అన్నాను చేతులతో. అత్త ముఖం విప్పారింది. నిజమా అని గడ్డం ఎత్తి అడిగింది. నిజమే అన్నాను. నా బుగ్గలు రెండూ పుణికి మెటికలు విరిచింది. ఆరోజు నా నోటుపుస్తకంలో, 'ఈరోజు చలి ఎక్కువ' అని రాసి మూసేశాను. రోజూ ఒక పేజీ రాసేదాన్ని, ఆరోజు ఇంకేమీ రాయలేకపోయాను.

తర్వాతి వారం ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల సంతకు పోయాం. మా ఎద్దుల్లో ఒకదానికి కాలు వాచి, జోడీ తప్పింది. ఎద్దును కొనాలంటే నాన్న అత్తను తీసుకుపోకుండా పోడు. నడక చూసి అది అరక లాగుతుందో లేదో ఆమె చెప్పేస్తుంది. తోడుకు నన్నూ రమ్మన్నారు.

మా సంతల్లో బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, లోపల ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ తెలియదు. అత్త ఒక తెల్లఎద్దును మెచ్చింది. నాన్న దళారి తువ్వాలు కింద చెయ్యి పెట్టి చాలాసేపు పెనుగులాడాడు గానీ తెగలేదు. అప్పుడు అత్త నాన్న చేతిని పక్కకు లాగేసి తన చెయ్యి పెట్టింది. దళారి నవ్వాడు. కాసేపటికి నవ్వు మానేశాడు. ఇంకాసేపటికి చెయ్యి బయటికి తీసి దులుపుకుని, సరే తోలుకపొమ్మన్నాడు.

"ఎవరప్పా ఈయమ్మ? నా వేళ్ళు ఇరిసినంత పని జేసింది," అని అడిగాడు.

"మా యక్క," అన్నాడు నాన్న. ఆ రెండు మాటలు ఆయన ఎంత గర్వంగా అన్నాడో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అని, వెంటనే తల దించుకుని ఎద్దు మెడలో తాడు సర్దడం మొదలుపెట్టాడు.

ఎద్దును తెలిసినవాళ్ళ దగ్గర కట్టేసి, మాకు జాతర చూపిస్తానన్నాడు. రంగులరాట్నం పక్కన నల్ల కంబళ్ళు కప్పిన గుడారం ఒకటి ఉంది. పట్టపగలే లోపల చీకటి. పాతకాలపు మూకీ సినిమా అట. బళ్ళారి వైపు నుంచి వచ్చిన దేవేంద్రప్ప అనే ముసలాయన దాని యజమాని. చేత్తో తిప్పే మిషను, పక్కనే బ్యాటరీ దీపం. వెనకటికి ఆయన తెర పక్కన నిలబడి బొమ్మలో ఏం జరుగుతోందో గట్టిగా చెప్పేవాడట. ఇప్పుడు గొంతు పోయింది. దగ్గు తప్ప ఏమీ రాదు. తెరమీద మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి, అవీ గీతలు పడి అలుక్కుపోయాయి.

జనం గొణుక్కున్నారు. మా వెనక కూర్చున్న ఒకడు అత్తను చూసి, "మూగోళ్ళ సినిమాకు మూగోళ్ళనే పిల్చుకొచ్చినారు, సరిపోయిందిలే," అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. అత్తకు వినపడదు కాబట్టి సిగ్గంతా నేనే పడ్డాను.

కానీ బొమ్మ మొదలైన కొంతసేపటికి ఆ గుడారం మొత్తంలో కథ అర్థమవుతున్నది అత్త ఒక్కదానికే. పెదవుల కదలిక, కళ్ళు తిప్పే తీరు చూసి, వాళ్ళు మాట్లాడకముందే తెలిసిపోతోంది ఆమెకు. నా మోకాలు తట్టి చేతులతో చెప్తోంది. ఆ ముసలాయనకు జబ్బు. వీళ్ళిద్దరూ కొడుకులు. ఆ లావుపాటామె పెద్దకోడలు, కుండలో ఏదో దాచింది. ఆ పిల్ల కూతురు, ఆమెనే తండ్రి నమ్ముతాడు. నేను గొంతు తగ్గించి నాన్నకు చెప్తున్నాను. ముందు వరసలో ముసలమ్మ ఒకామె వెనక్కి తిరిగి, "గట్టిగా సెప్పు తల్లీ, మేమూ ఇంటాం," అంది. నా చెవులు వేడెక్కాయి. కానీ చీకట్లో నన్నెవరూ చూడరు కదా. కొంచెం గట్టిగా చెప్పాను. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. వెనక నవ్వినవాడు కూడా ముందుకు వంగి విన్నాడు. అత్త చేతులు తిరుగుతున్నాయి, నా నోరు ఆడుతోంది, ఇద్దరం కలిసి ఒక్క మనిషిమైనట్టుంది.

తెరమీద కూతురు నీళ్ళకు పోయింది. కొడుకులిద్దరూ తలుపు గడియ వేశారు. పెద్దవాడు కాగితం పరిచాడు. చిన్నవాడు తండ్రి చెయ్యి ఎత్తి, బొటనవేలికి మసి పూశాడు. తండ్రి చెయ్యి ఎత్తిన చోటే ఉండిపోయింది, కన్ను కదలలేదు. ఆయన అప్పటికే పోయాడు. పోయినాయన వేలు పట్టుకుని కాగితం మీద అద్దారు. తర్వాతి బొమ్మలో, నీళ్ళకుండతో వచ్చిన కూతురు గడప బయట నిలబడి ఉంది. ఆ ఇల్లు ఆమెది కాదు.

అత్త చేతులు ఆగిపోయాయి. "తర్వాతేమాయె?" అని ముందు ముసలమ్మ అడుగుతోంది. నేను అత్త వైపు తిరిగాను. తెర వెలుతురు ఆమె ముఖం మీద పడుతోంది. ఆమె తెరను చూడడం లేదు. నన్ను చూస్తోంది. నా చెయ్యి తీసుకుని, నా బొటనవేలిని తన అరచేతిలో ఒకసారి అద్దింది. తర్వాత గడ్డం ఎత్తింది. ఇదేనా, అని.

నేను అరచేయి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

 అత్త మళ్ళీ నా మోకాలు తట్టి కథ చెప్పసాగింది. చివరికి అన్నలిద్దరూ పశ్చాత్తాపపడి చెల్లెలి కాళ్ళ మీద పడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చాక అత్త కళ్ళు చికిలించుకుంటూ, మొత్తం నిజమే, ఆ చివరిది ఒక్కటే అబద్ధం, అంది చేతులతో. నాన్న నన్ను, ఏమంటాంది, అని అడిగాడు. సినిమా బాగుందంట, అన్నాను.

నాన్నతో చెప్పిన ఆ అబద్ధం చిన్నది. అత్తతో చెప్పిన పెద్దది అట్లాగే ఉంది. ముద్ర కోసం ఆదోనికి పోవలసిన బుధవారం దగ్గరపడుతోంది. మూడుసార్లు చెప్పబోయాను. ఒకసారి పెదనాన్న వచ్చాడు. ఒకసారి అత్త రొట్టెలు తడుతూ ఉంది, చేతులకు పిండి ఉంటే మాట్లాడలేదు. మూడోసారి ఎవరూ లేరు, ఏ అడ్డమూ లేదు, నేనే లేచి వచ్చేశాను. అత్త మాత్రం ఎప్పటిలాగే ఉంది. చేనుకు పోయింది, వచ్చింది, నా జడ వేసింది. ఆమెకు తెలిసిందో, సినిమాను సినిమాగానే వదిలేసిందో నాకు అంతుపట్టలేదు.

బుధవారం పొద్దున్నే అత్త నూనె రాసుకుని తల దువ్వుకుంది. దాచుకున్న ఎర్రచీర కట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆదోని కొండలు కనపడగానే నన్ను తట్టి చూపించింది.

రిజిస్ట్రారు ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారు. మిల్లు సేటు మనిషి కాగితాలు పట్టుకుని ముందే వచ్చాడు. రిజిస్ట్రారు పేరు భీమసేనరావు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిన పెద్దమనిషి. కాగితమంతా చదివి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"ఈమె భాష నీకు తెలుసునా అమ్మా?" అని అడిగాడు. తల ఊపాను. "అట్లా తల ఊపితే చాలదు. ఇందులో ఏముందో ఆమెకు తెలియచెప్పాలి. చెప్పినట్టు నీ సంతకం కూడా తీసుకుంటాను. ఆమె ఒప్పుకుంటేనే ముద్ర."

ఎడమవైపు పెదనాన్న, కుడివైపు నాన్న. ఎదురుగా అత్త. సిరా దిమ్మె బల్లమీద మూత తీసి ఉంది. పించను అని చెప్పడానికి టోపీ సైగ ఒక్కటి చాలు. నా చెయ్యి తలదాకా లేచింది. అత్త నన్నే చూస్తోంది, ముఖంలో ఏ తొందరా లేదు. చిన్నప్పుడు నేను మొదటిసారి నడుస్తుంటే రెండడుగుల అవతల చేతులు చాపి కూర్చునేదట, అట్లా ఉంది ఆ చూపు.

లేచిన చెయ్యి తలమీంచి దించి, టోపీ కాదు, అని అడ్డంగా ఊపాను. రెండు చేతులతో మోకు లాగినట్టు చూపించాను. అది బావిచేను పేరు. దూది ఏకినట్టు చూపించాను, మిల్లు. అరచేతిని ఊదాను, పోతుంది. రెండు మిద్దెలు. ఒకటి నుదుటి గీతకు, ఒకటి మీసానికి. నీకు, అని అత్తను చూపించి, వట్టి చెయ్యి తిప్పాను.

పెదనాన్న పక్కనే నిలబడి, "ఆ, సెప్పు సెప్పు, బాగా అర్థమయ్యేట్టు సెప్పు," అంటున్నాడు. యాభై ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉండి, తోడబుట్టినదాని భాషలో తన పేరేమిటో కూడా ఆయన తెలుసుకోలేదు. కానీ నాన్నకు తెలుసు. మీసం మెలితిప్పినప్పుడు ఆయన ఉలిక్కిపడడం నా కంటికొసకు కనిపించింది. ఒక్క మాట అంటే నేను ఆగిపోయేదాన్ని. ఆయన ఆ మాట అనలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

చివరికి, నేను అబద్ధం చెప్పాను, అని నా గుండెమీద చెయ్యి పెట్టుకుని చూపించాను. అప్పటికి కళ్ళనిండా నీళ్ళు, చేతులు సరిగ్గా కనపడడం లేదు.

అత్త నా రెండు చేతులూ పట్టుకుని ఆపింది. తర్వాత తానే మెల్లగా, ఒక్కొక్క సైగా విడమరచి చెప్పింది. సినిమా చూసిన రోజే నాకు తెలిసింది. నువ్వు చెప్తావని చూస్తున్నా.

"ఏమంటాంది?" అని పెదనాన్న అడిగాడు.

అత్త చెప్పింది నాకోసం, ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఆమె అప్పటికే బొటనవేలిని పిడికిట్లో ముడిచి, ఆ పిడికిలిని కొంగు కింద పెట్టుకుంది. దాన్నే నోటితో చెప్పాను. గొంతు నాకే వినపడలేదు. గట్టిగా చెప్పమ్మా, అన్నాడు రిజిస్ట్రారు.

"ముద్ర వెయ్యదంట సార్. చేను ఇయ్యదంట."

భీమసేనరావు సిరా దిమ్మె మూత పెట్టి, కాగితాలు సేటు మనిషి వైపు తోసి, తర్వాతి వాళ్ళను పిలిచాడు. ఇంతే. ఇంత పెద్ద పని అంత చిన్నగా అయిపోతుందని నేననుకోలేదు.

మెట్ల దగ్గర పెదనాన్న నా మీదికి వచ్చాడు.

"నోట్లో నాలిక లేదనుకుంటిమే నీకు. చేతుల్లో పెట్టుకోనుండావు గదే," అన్నాడు.

నాన్న మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "ఇడిసిపెట్టన్నా. పాప లేని మాట ఏం సెప్పలేదు," అన్నాడు. ఆయన అన్నకు ఎదురు చెప్పడం నేను చూసింది అప్పుడే. 

పెదనాన్న వేరే బస్సులో పోయాడు. మా బస్సులో నాన్న అత్త పక్కన కూర్చోలేదు, దూరంగా తలుపు దగ్గర నిలబడ్డాడు.  ఆ రాత్రి అమ్మ అన్నం పెడుతూ అత్త పళ్ళెంలో నెయ్యి రెండుసార్లు వేసింది. ఆదోని మిద్దె పోయింది. కాలేజీ కూడా పోయిందేమో. ఏడుపు వచ్చింది, కాదనను. ఏడ్చినాక నోటుపుస్తకంలో నాలుగు పేజీలు రాశాను.

ఐదోరోజు పొద్దున నాన్న కొత్త ఎద్దును జోడీ కట్టి, అరక బండిమీద వేసి, వాకిట్లో నిలబడ్డాడు. అత్త పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ బావిచేనులో ఏం విత్తాలో నాన్నే అనుకుని, విత్తనాలు తెచ్చి విత్తేవాడు. అత్త కలుపు తీసేది, నీళ్ళు కట్టేది, కోసేది.

"ఉసేనీ," అని పిలిచాడు నన్ను. "బావిచేన్లో ఈతూరి బుడ్డలు ఎయ్యాల్నా, మిరప పెట్టాల్నా అడుగు మీ అత్తని." నేను చెయ్యి ఎత్తేలోపే వద్దన్నాడు. "నువ్వొద్దు. నేనే అడుగుతా. ఏమంటావు అని అడగాలంటే ఎట్ల పట్టాల చెయ్యి?"

ఆ సైగ ఆయనకు తెలియదు. అత్తతో వాడే అవసరం ఎప్పుడూ రాలేదు. అరచేయి పైకి తెరిచి కొంచెం ముందుకు చాపాలని చూపించాను. నాన్న వేరుశనగ బుడ్డ ఒలిచినట్టు చూపించాడు, తర్వాత మిరపకాయ తుంచినట్టు చూపించాడు. అది ముక్కు చీదినట్టుంది. తర్వాత అరచేయి తెరిచి ముందుకు చాపాడు.

అత్త ఆ చేతిని చూసింది. చేను వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది. కొంగు దోపుకుని బాగా ఆలోచనలో పడింది. ఎద్దులు మెడలు కదిలిస్తుంటే గంటలు మోగుతున్నాయి. నాన్న చెయ్యి దించకుండా అట్లాగే నిలబడి ఉన్నాడు.